దేవరకొండ పేదల ఇంటి జాగ

దేవరకొండ ఖిల్లా ఎక్కి చూస్తే చుట్టూ గుట్టలు, గుట్టల కింద ఊరు, ఊరికి అవతల కనుచూపు మేర ఎర్ర చెలకలు, వాటి నడుమ తండాలు కనిపిస్తాయి. పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు ఈ కోట లేపినప్పుడు రాయి కోసం ఎక్కడికీ పోవలసిన పని పడలేదు. ఇప్పటికీ ఇక్కడ రాయికి గానీ నేలకు గానీ కరువున్నట్టు కనిపించదు. అయినా కూలి చేసుకుని బతికే కుటుంబం తన పేరున డెబ్బై ఐదు గజాల జాగ సంపాదించి, దాని మీద మొదటి ఇల్లు కట్టుకోవాలంటే ఒక తరం పడుతుంది, ఒక్కోసారి రెండు తరాలు పడుతుంది. ఇంటికని సర్కారు పైసలిచ్చిన కాలాలను ఈ ప్రాంతం చాలానే చూసింది. ఆ పైసలతో గోడ లేపడానికి కింద జాగ, ఆ జాగకు చెల్లే కాగితం దొరకడమే అన్ని కాలాల్లోనూ కష్టమైంది.

నిజాం కాలంలో పల్లెలో ఇండ్లుండే నేలను ఆబాది అనేవారు. ఊరి నడుమ దొర గడీ, దాని చుట్టూ కాపుల ఇండ్లు, వెనక వృత్తి కులాలవాళ్ల ఇండ్లు, ఇంకా అవతల మాలమాదిగల గుడిసెలు ఉండేవి. వెట్టి చేసేవాళ్లు, పాలేర్లు దొర చూపించిన చోట గుడిసె వేసుకునేవాళ్లు. గోడకు రాయి, మట్టి; పైన బోదగడ్డి, లేకపోతే తాటికమ్మ. కొంచెం కలిగినవాళ్లయితే దూలాలు, దంతెలు వేసి గూనపెంక కప్పించేవాళ్లు. గుడిసె వేయడానికి పెద్దగా ఖర్చయ్యేది కాదు. ఇంటిల్లిపాదీ నాలుగు దినాలు కష్టపడితే నీడ దొరికేది. నేల మాత్రం వాళ్లది కాదు. దొరకు ఎదురు చెప్పిన పాలేరుకు కూలి పోవడంతో పాటు తల దాచుకునే గుడిసె కూడా పోయేది. అందుకే వెట్టి మీద తిరగబడాలంటే ఇల్లు కూడా వదులుకోవడానికి సిద్ధపడవలసి వచ్చేది. తిరుగుబాటు అంత ఆలస్యంగా వచ్చిందేమని అడిగేవాళ్లు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవాలి.

లంబాడీల దారి వేరు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన ఈ వర్తకులు, రైళ్లు, రోడ్లు వచ్చి ఆ బేరం పడిపోయాక మెల్లమెల్లగా ఒకచోట నిలబడ్డారు. ఊళ్లకు దూరంగా, గుట్టల పక్కన, అడవి అంచున, వాగు దగ్గర తండాలు వేసుకున్నారు. ఎవరు ఎక్కడ ఇల్లు వేసుకోవాలో తండా నాయకుడు, కారోబారి కూర్చుని తేల్చేవారు. కొత్తగా పెళ్లయిన జంటకు తండ్రి ఇంటి పక్కనే జాగ చూపించేవారు. తండా లోపల జాగకు పెద్దగా పేచీ ఉండేది కాదు. తండా మొత్తం ఉన్న నేల మాత్రం సర్కారు లెక్కల్లో పోరంబోకో, అడవో, ఎవరో దొర పట్టానో అయి ఉండేది. తాతలు కాగితం అడగకుండా కూర్చున్న ఆ నేలే తర్వాత మనవల ఇండ్లకు అడ్డం పడింది.

1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటంలో నల్లగొండ జిల్లా ముందు వరుసలో ఉంది. 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డాడు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. అప్పటి చర్చలన్నీ ప్రధానంగా సాగు భూమి చుట్టూ తిరిగాయి. దున్నేవాడికి భూమి అన్న మాట జనం గుండెల్లో నాటుకుంది. ఉండేవాడికి ఇంటి కింది నేల అన్న మాట అంత గట్టిగా ఎవరూ అనలేదు.

కేరళలో ఆ మాట చట్టం దాకా పోయింది. 1970 జనవరి 1 నుంచి అమలైన భూసంస్కరణల కింద, భూస్వామి తోటలో గుడిసె వేసుకుని బతుకుతున్న కూలీకి ఆ గుడిసె చుట్టూ ఉన్న నేలను కొనుక్కునే హక్కు వచ్చింది. పల్లెలో 10 సెంట్లు, మున్సిపాలిటీలో 5, నగరంలో 3 సెంట్లు. ఆసామి ఒప్పుకోవడంతో పని లేదు. ఆ హక్కు చేతిలో పడిన కూలీని మరునాడు పొమ్మని ఎవరూ అనలేరు. తెలంగాణ మెట్ట ప్రాంతంలో పాలేరుకు ఆనాడే అలాంటి హక్కు దక్కి ఉంటే, తర్వాతి యాభై ఏండ్లలో వచ్చిన ఇండ్ల పథకాల్లో సగం కష్టం తగ్గేది.

ఇక్కడ దారి వేరేగా సాగింది. 1971లో భూమిలేని పల్లె కూలీలకు ఇంటి జాగలిచ్చే పథకం కేంద్రం తెచ్చింది. 1975లో ఇరవై సూత్రాల కార్యక్రమం వచ్చాక దానికి ఊపు పెరిగింది. సర్కారు నేల ఉన్నచోట దాన్ని, లేనిచోట ప్రైవేటు భూమి కొని, గజాల లెక్కన కొలిచి పట్టాలిచ్చారు. దేవరకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఊరికి కొంచెం ఎడంగా కనిపించే కాలనీలు చాలా వరకు అలా మొదలైనవే. పాత వాడలో ఒకే గుడిసెలో మూడు జంటలు తలదాచుకున్న కుటుంబాలకు ఆ పట్టా కాగితం మొదటి ఆస్తి. ట్రంకు పెట్టెలో, పాత పసుపు గుడ్డలో చుట్టి దాచుకున్నారు. 1977లో వచ్చిన చట్టం అసైన్డు భూములను అమ్మకూడదని, కొనకూడదని కట్టడి చేసింది. పేదవాడి జాగను ఉన్నవాడు చాటుమాటుగా కొట్టేయకుండా ఆ కట్టడి అవసరమే. కానీ దవాఖాన ఖర్చుకో, బిడ్డ పెండ్లికో ఆ జాగను తెల్లకాగితం మీద అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర కొన్నదీ పేదవాళ్లే అయిన చోట ఇద్దరి బతుకూ ఇరుకున పడింది: అమ్మినవాళ్లకు మళ్లీ పట్టా రావడం కష్టం, కొన్నవాళ్ల పేరున కాగితం కావడమూ కష్టమే.

1976లో పార్లమెంటు చేసిన సవరణతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. 1979లో ఆంధ్రప్రదేశ్ గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం వచ్చాక పక్కా ఇండ్ల కార్యక్రమం పల్లెపల్లెకూ చేరింది. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది. మొదట్లో అది షెడ్యూల్డు కులాలు, తెగలవాళ్లకు, వెట్టి నుంచి విడిపించిన కూలీలకు మాత్రమే. 1993 తర్వాత మిగతా పేదలకూ తెరిచారు. 1996లో అది విడి పథకం అయ్యేనాటికి మైదాన ప్రాంతంలో ఇంటికి ఇచ్చేది 20,000 రూపాయలు. 2008లో 35,000, 2010లో 45,000, 2013లో 70,000 చేశారు. అంకె పెరిగిన ప్రతిసారీ సిమెంటు, ఇనుము, మేస్త్రీ కూలి దాన్ని దాటి ముందుకు పోయాయి. అందుకే ఆ కాలపు ఇండ్లలో గిలాబు లేని గోడలు, తలుపు బదులు రేకు పెట్టిన గుమ్మాలు, మెట్ల దాకా వచ్చి ఆగిపోయిన పనులు ఇన్ని కనిపిస్తాయి. ఆ కుటుంబాలు బద్ధకించి వదిలేశాయని అనుకోవడం అన్యాయం. ఉన్నంతలో నిలబడేంత కట్టి, మిగతాది పిల్లల కాలానికి వదిలిపెట్టారు.

ఈ ఇండ్లకు పైకప్పు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకపోతే కథ నిండదు. హైదరాబాదు సనత్‌నగర్‌లో 1946లో మొదలైన సిమెంటు రేకుల ఫ్యాక్టరీ చార్మినార్ పేరుతో రేకులు అమ్మింది. గడ్డి దొరకడం తగ్గిపోయి, ఏడాదికోసారి కప్పు మార్చే ఓపిక లేక, అగ్గి భయం పోతుందని పల్లెలు రేకులకు మారాయి. దేవరకొండ ఎండల్లో రేకుల కింద పగటిపూట కూర్చోవడం ఎంత కష్టమో అందులో ఉన్నవాళ్లకే తెలుసు. అయినా గుడిసె నుంచి రేకుల ఇంటికి మారడమంటే ఒక మెట్టెక్కినట్టే. ఆ మెట్టు మీద ఇరవై, ముప్పై ఏండ్లు ఉండిపోయిన కుటుంబాలకు లెక్కలేదు.

పైసలెక్కడివి? చెలక భూమిలో ఆముదం, జొన్న, తర్వాత పత్తి. అంతా వాన మీదే ఆధారం. వాన ముఖం చాటేస్తే ఇంటికి తాళమే. పక్కనున్న పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా నుంచి దేశంలోని ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు పోయిన కూలీలకు పాలమూరు లేబర్ అన్న పేరే స్థిరపడింది. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సు పండుగకో, పాత అప్పుకో, ఇంటి కప్పుకో పోతుంది. తర్వాత ఆరేడు నెలలు ఆలుమగలిద్దరూ దాన్ని తీర్చడానికి పనిచేస్తారు. 1976లో వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చినా ఈ అడ్వాన్సు పద్ధతి పోలేదు. ఇంటి కప్పు కోసం ఇంటికి దూరమైనవాళ్లు దక్షిణ తెలంగాణలో ప్రతి పల్లెలోనూ ఉన్నారు.

దేవరకొండ, చందంపేట, డిండి తండాల దారి ఎక్కువగా హైదరాబాదుకే. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం, మాల్ మీదుగా బస్సెక్కితే పొద్దుటికి పట్నం. సైదాబాదు, చంపాపేట, హస్తినాపురం వైపు ఖాళీ జాగల్లో గుడిసెలు వేసుకున్నారు. మగవాళ్లు ఆటో నడిపారు, సెంట్రింగు పనికి పోయారు. ఆడవాళ్లు తట్ట మోశారు, ఇండ్లల్లో పనికి కుదిరారు. పట్నంలో వేలాది ఫ్లాట్లకు కాంక్రీటు ఎత్తిన చేతుల్లో ఇక్కడివి చాలా ఉన్నాయి. కట్టిన ఇంట్లో గృహప్రవేశం అయ్యేనాటికి వాళ్లు ఇంకో సైటులో రేకుల షెడ్డుకు మారిపోయి ఉంటారు. అలాంటివాళ్ల కోసం 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. పని జరిగే చోట ఉండడానికి వసతి యజమాని ఉచితంగా ఇవ్వాలని అది చెప్పింది. కట్టడం విలువలో ఒక శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమ మండలికి జమ చేయాలన్న ఏర్పాటు కూడా అప్పుడే వచ్చింది. అదే చట్టం ప్రకారం నమోదైన కార్మికుడికి సొంత ఇల్లు కట్టుకోవడానికి మండలి అప్పు ఇచ్చే వీలుండేది. ప్రమాద బీమా గురించి, పెండ్లి సాయం గురించి అడ్డాల మీద అందరూ మాట్లాడుకుంటారు. ఇంటి అప్పు గురించిన ఆ మాట మాత్రం అక్కడ వినబడదు. దేవరకొండ లాంటి ప్రాంతానికి ఆ చట్టంలో అన్నిటికన్నా పనికొచ్చే వాక్యం అదే.

కూలి పైసల్లో మిగిలింది చిట్టీకి పోతుంది. ఇరవై మంది కలిసి నెలకు తలా 5,000 వేస్తే లక్ష రూపాయల చిట్టీ. అవసరం తొందరగా ఉన్నవాళ్లు మొదటి నెలల్లోనే పాట పాడుకుని 70 వేలకో 75 వేలకో ఎత్తుకుంటారు. వదిలిపెట్టింది మిగతావాళ్లు పంచుకుంటారు. ఓపిక ఉన్నవాళ్లకు చివర్లో ఎక్కువ చేతికొస్తుంది. ఇల్లు కట్టేవాళ్లకు ఆ ఓపిక ఉండదు, స్లాబుకు ఇనుము దించి పెట్టుకున్నాక నెల ఆగితే తుప్పు పడుతుంది. 1982 చిట్‌ఫండ్ల చట్టం నిర్వాహకుడి కమిషన్‌ను 5 శాతానికి మించనీయలేదు, 2019 సవరణ దాన్ని 7 శాతం చేసింది. కానీ తండాల్లో, వాడల్లో నడిచే చిట్టీలకు రిజిస్ట్రేషన్ ఉండదు, నమ్మకమే పూచీ. ఆ నమ్మకం నిలబడ్డ చోట పునాదులు పడ్డాయి. చిట్టీ నడిపినవాళ్లు రాత్రికి రాత్రి ఊరు విడిచిన చోట, పది ఇండ్ల గోడలు నడుము ఎత్తు దగ్గర ఆగిపోయాయి.

సొంత పల్లెలో సర్కారు పట్టా రాని కుటుంబం ముందున్న మరో దారి జాగ కొనడం. కొనుగోలు ఎక్కువగా సాదాబైనామా మీదే జరిగేది. ఒక తెల్ల కాగితం, లేకపోతే పది రూపాయల స్టాంపు పేపరు, హద్దులు నాలుగు దిక్కులా ఎవరివో రాసి, ఇద్దరు పెద్దమనుషులు సాక్షి సంతకాలు పెట్టి, బయానా ఇచ్చి మిగతాది కిస్తీల్లో కట్టుకునేవాళ్లు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలి. ఆ వంద రూపాయల అంకె ఇంకా మారలేదు. కానీ దేవరకొండకు పోయి, రాసేవాళ్లకు ఇచ్చి, స్టాంపులు కొని, ఒక దినం కూలి పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం? పైగా ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. అమ్మినవాడు బతికున్నన్నాళ్లు ఏ పేచీ రాదు. ఆయన పోయాక కొడుకులు వచ్చి మా వాటా మాకు కావాలన్న రోజున ఆ తెల్లకాగితం విలువ ఎంతో తెలుస్తుంది. 2020లో తెలంగాణ ప్రభుత్వం సాదాబైనామాలను క్రమబద్ధం చేస్తామంటే, సాగు భూములకే తొమ్మిది లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ అంకెను బట్టి తెలంగాణ పల్లెల్లో క్రయవిక్రయాలు ఎంత కాలంగా తెల్లకాగితం మీదే నడిచాయో అర్థమవుతుంది.

హైదరాబాదు పెరిగి సాగర్ రోడ్డు వెంబడి దిగువకు పాకుతున్న కొద్దీ ఇంకో రకం జాగ వచ్చింది. ఇబ్రహీంపట్నం దాటి, మాల్, చింతపల్లి, కొండమల్లేపల్లి వైపు చెలకలన్నీ వెంచర్లయ్యాయి. రాళ్లు పాతి, ఎర్రమట్టి రోడ్లు వేసి, నెలనెలా కట్టుకునే ప్లాట్లని అమ్మారు. పట్నంలో ఇండ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, వాచ్‌మన్లు ఆ కిస్తీలు కట్టారు. మొదటి ఇల్లు అన్న ఆశకు ఆ పాసుబుక్కే రూపం. ఆ లేఅవుట్లలో చాలా వాటికి అనుమతి లేదని కొన్నవాళ్లకు తెలియదు, తెలిసినవాళ్లు పంచాయతీ కాగితం చాలనుకున్నారు.

2020 ఆగస్టు 26న ప్రభుత్వం అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేసింది. ఆ నెలాఖరునే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ప్రకటించింది. వెయ్యి రూపాయలు కట్టి పాతిక లక్షలకు పైగా మంది దరఖాస్తు చేసుకున్నారు. అందులో చేరాలంటే రిజిస్టరైన దస్తావేజు ఉండాలి, అగ్రిమెంటు కాగితం సరిపోదు. కిస్తీలు కడుతూ ఇంకా రిజిస్ట్రేషన్ దాకా రాని కుటుంబం ఆ వరుసలో నిలబడే వీలే లేకపోయింది. క్రమబద్ధం చేసుకోగలిగినవాళ్లు కూడా ఏండ్ల తరబడి ఎదురుచూశారు. 2025 ఆరంభంలో ఫీజులో 25 శాతం తగ్గించి తొందరగా కట్టమని ప్రభుత్వం చెప్పేదాకా ఎక్కువ దరఖాస్తులు అలాగే ఉన్నాయి. మధ్యలో 2021 జులై 22 నుంచి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపి 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగింది. మూడు లక్షల ప్లాటుకు 22,500 రూపాయలు. కూలి ఇంట్లో అది ఒక పిల్లవాడి ఏడాది చదువు ఖర్చు.

బ్యాంకు అప్పు తీసుకోవచ్చు కదా అని పట్నంలో అడుగుతారు. ఇంటి అప్పులకే అని 1977లో హెచ్‌డీఎఫ్‌సీ మొదలైంది, 1988లో జాతీయ గృహ నిర్మాణ బ్యాంకు వచ్చింది. రిజర్వు బ్యాంకు 2015లో 30 లక్షల లోపు అప్పుల మీద ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చని చెప్పింది. అదే ఏడాది వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగంలో, ఏడాది ఆదాయం 6 లక్షల లోపు ఉన్న కుటుంబాలకు వడ్డీ మీద 6.5 శాతం రాయితీ పెట్టారు. అది గరిష్ఠంగా 2.67 లక్షలు, కొత్తగా కొనే ఇంట్లో ఆడవాళ్ల పేరు కూడా ఉండాలని నియమం. 2022 మార్చి 31తో ఆ రాయితీ ముగిసింది. కాగితం మీద చూస్తే దేవరకొండ ఆటో డ్రైవరు కోసమే రాసినట్టుంటుంది. బ్యాంకు మేనేజరు ముందు కూర్చుంటే జీతం చీటీ అడుగుతాడు, లింకు దస్తావేజులు అడుగుతాడు, ఈసీ అడుగుతాడు, అనుమతి పొందిన ప్లాను అడుగుతాడు. ఆబాదిలో తాతల నాటి ఇంటికి ఉన్నది పంచాయతీ ఇంటి పన్ను రసీదు ఒక్కటే. అడ్డా మీద దొరికే కూలికి చీటీ ఎవరిస్తారు? ఆ అప్పు ఎక్కువగా నెల జీతం ఉన్నవాళ్లకే చేరింది. మిగతావాళ్లు బంగారం కుదువబెట్టారు, నూటికి రెండు మూడు రూపాయల నెల వడ్డీకి తెచ్చారు.

2006లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చిన ఇందిరమ్మ పథకం మూడు విడతల్లో ఊళ్లన్నిటినీ చుట్టేస్తామంది. అప్పు, రాయితీ, లబ్ధిదారు వాటా కలిపి ఇల్లు, ఆడవాళ్ల పేరున పట్టా. ఆడవాళ్ల పేరున ఇవ్వడం ఆ కాలపు గొప్ప మార్పుల్లో ఒకటి. తాగి కొట్టే మొగుడు ఇంట్లోంచి పొమ్మనే మాటకు ఆ కాగితం అడ్డం నిలిచింది. పక్కనే, ఇల్లు లేకుండానే బిల్లులు ఎత్తుకున్న ఊళ్లూ బయటపడ్డాయి. 2014లో కొత్తగా ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం సీబీసీఐడీ విచారణ వేసింది. విచారణ నడిచిన కాలంలో నిజంగా కట్టుకుని, చివరి బిల్లుకు ఎదురుచూసిన పేదలు కూడా ఆగిపోయారు. దొంగల పాపం వాళ్ల తలకు చుట్టుకుంది.

2015లో వచ్చిన రెండు పడక గదుల ఇల్లు మాట వేరే రకం. 560 చదరపు అడుగులు, పల్లెలో ఇంటికి 5.04 లక్షలు, లబ్ధిదారు ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు, జాగ కూడా సర్కారుదే. కూలి కుటుంబానికి ఇంతకు ముందెన్నడూ ఇంత మంచి ఇల్లు ఎవరూ ఇస్తామనలేదు. రాష్ట్రమంతటా సుమారు 2.9 లక్షల ఇండ్లు మంజూరయ్యాయి. పట్నం అంచున కొల్లూరులో 15,660 ఇండ్ల కాలనీ 2023 జూన్‌లో తెరిచారు. పల్లెల్లో ఆ ధరకు కాంట్రాక్టర్లు ముందుకు రాని చోట్లు, సర్కారు నేల దొరకని చోట్లు అనేకం. ఈ మెట్ట ప్రాంతపు చిన్న తండాలకు పది ఇండ్ల పని కోసం యంత్రాలు తెచ్చే కాంట్రాక్టరు ఎవరుంటారు? మంచి ఇల్లు కొద్దిమందికి దక్కింది, మిగతావాళ్లు ఎదురుచూశారు. ఇల్లు మొత్తం కట్టిస్తామన్న మాట ఉన్నంత కాలం, రేకుల ఇంటి గోడను బాగుచేసుకోవడానికి కూడా కొందరు వెనకాడారు.

2018లో జరిగిన ఒక మార్పును ఇండ్ల లెక్కలో ఎవరూ పెద్దగా చూడరు. ఆ ఏడాది తండాలను విడి గ్రామ పంచాయతీలుగా చేశారు. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,751కి చేరింది. అంతకు రెండేండ్ల ముందే, 2016 అక్టోబరులో, నేరెడుగొమ్ము, కొండమల్లేపల్లి కొత్త మండలాలయ్యాయి. ఇంటి నంబరు కోసం, పన్ను రసీదు కోసం, కట్టుకోవడానికి అనుమతి కోసం అవతలి ఊరి సర్పంచు గుమ్మం ముందు నిలబడిన తండావాళ్లకు ఆ పని ఇప్పుడు తమ తండాలోనే అవుతుంది. కానీ నేల సంగతి అలాగే ఉంది. చందంపేట, నేరెడుగొమ్ము వైపు నల్లమల అంచున ఉన్న తండాల్లో ఇసుక ట్రాక్టరు రావాలన్నా అటవీశాఖ అభ్యంతరాలు ఎదురవుతాయి. 2006 అటవీ హక్కుల చట్టం అడవి నేలలో సాగుతో పాటు నివాసానికీ హక్కు ఉందని తేటగా చెబుతుంది. 2023 జూన్‌లో తెలంగాణలో లక్షన్నర మందికి పోడు పట్టాలు పంచినప్పుడు మాటంతా ఎకరాల చుట్టే నడిచింది. ఇంటి కింది గజాలను కూడా అదే కాగితంలో రాసి ఇవ్వడానికి చట్టం అడ్డు చెప్పదు. అది అడగవలసిన బాధ్యత ఇప్పుడు ఆ తండా పంచాయతీలదే.

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన కొత్త ఇందిరమ్మ ఇండ్ల పథకం ఐదు లక్షలు ఇస్తుంది. నియోజకవర్గానికి 3,500 చొప్పున మొదటి విడతలో నాలుగున్నర లక్షల ఇండ్లు. బేస్‌మెంటు పూర్తయితే లక్ష, గోడలు లేస్తే లక్షా పాతిక వేలు, స్లాబు పడితే లక్షా డెబ్బై ఐదు వేలు, అంతా అయ్యాక ఇంకో లక్ష. ఇసుక ఉచితం. ఇంటి కొలత 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. గత పథకాల్లో జరిగిన మోసాలకు ఈ విడతల పద్ధతి మంచి మందే, ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాకే పైసలు పడతాయి. కానీ మొదటి లక్ష రావాలంటే ముందు పునాది తీసి, రాయి పేర్చి, బేస్‌మెంటు ఎత్తాలి. ఆ పెట్టుబడి ఎవరిది? కూలీల దగ్గర లేదు. అందుకే 2025లో మహిళా సంఘాల ద్వారా లక్ష దాకా అప్పు ఇప్పించే ఏర్పాటు చేశారు. సాయం అందుకోవడానికి ముందు అప్పు చేయడమన్నది కొంచెం బాధగా ఉన్నా, నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీతో పోలిస్తే ఆడవాళ్ల సంఘం అప్పు చాలా మేలు. దేవరకొండ ప్రాంతంలో పట్నం నుంచి తిరిగొచ్చి, బిల్లు పడే దాకా సొంత ఇంటి దగ్గరే మేస్త్రీకి తామే కూలీలై మట్టి మోస్తున్న జంటల కష్టం కూడా ఆ ఐదు లక్షలకు కలపాలి. ఆ చేతులకు పని వచ్చు. ఇన్నాళ్లూ వాళ్లు కట్టింది ఇండ్లే.

సర్కారు ఊరూరా పెట్టిన ప్రజాపాలన సభల్లో ఇండ్ల కోసం వచ్చిన 80 లక్షల దాకా దరఖాస్తులను అధికారులు మూడు జాబితాలు చేశారు. జాగ ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1, జాగా ఇల్లూ రెండూ లేనివాళ్లు ఎల్-2, మిగతావాళ్లు ఎల్-3. మొదటి విడత ఎల్-1 వాళ్లది. తొందరగా పని మొదలు పెట్టడానికి అదే సులువు. కానీ ఎల్-2లో ఉన్నది ఎవరు? పాలేరుగా పనిచేసి గుడిసె జాగ కూడా మిగలనివాళ్ల మనవలు, అన్నదమ్ముల వాటాల్లో ఒక్క గది కూడా రానివాళ్లు, కిస్తీల ప్లాటు పోగొట్టుకున్నవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. అందరికన్నా వెనకబడ్డవాళ్లే వరుసలో రెండోవాళ్లయ్యారు.

1970ల్లో సర్కారు ఊరి పక్కన భూమి కొని కాలనీలు వేసిన పద్ధతి పూర్తిగా మూలన పడవలసిన అవసరం లేదు. ఎకరం అంటే 4,840 గజాలు. మూడో వంతు దారులకు, మోరీలకు, ఒక చిన్న బడికి తీసేసినా, ఇంటికి 75 గజాల చొప్పున నలభైకి పైగా కుటుంబాలకు సరిపోతుంది. దేవరకొండ చుట్టుపక్కల అలాంటి ఎకరం ఇయ్యడానికి సిద్ధపడే రైతులు ఉండవచ్చు. సరైన ధర కట్టి, సర్వే నంబరుతో, హద్దులతో, ఆ ఇంటి ఆడమనిషి పేరున రిజిస్టరు చేసి ఇస్తే, ఐదు లక్షల ఇల్లు దాని మీద లేవడానికి ఎక్కువ కాలం పట్టదు. ఎల్-2 జాబితా ఇప్పటికే ప్రతి పంచాయతీలో ఉంది. ఒక్కో ఊరికి ఎన్ని గజాలు కావాలో ఆ పేర్లను లెక్కబెడితే ఒక పూటలో తేలిపోతుంది.